చేప ఒరిగింది ఎప్పుడు?

రాత్రి పదకొండు దాటాక విశాఖపట్నం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, నీమో పక్కకి ఒరిగిపోయింది. పైన ఓ మూలకి చేరి నీళ్ళమీద తేలుతున్నట్టుంది. రెక్కలు మాత్రం కొంచెం కొంచెం ఆడుతున్నాయి. పోతుందంటావా?"

ఉప్పునీటి చేపల్ని ఇంట్లో పెంచుకునే వాళ్ళందరూ ఏదో ఒక రాత్రి ఈ ప్రశ్న అడుగుతారు. చేప మారుతుంది, వింత మారుతుంది. ఒకరి చేప రాయికేసి ఒళ్ళు రుద్దుకుంటుంది. ఇంకొకరిది ఇసకలోకి దూరి రెండు రోజులు బయటికి రాదు. మరొకరిది మోటారు ధారకు ఎదురుగా ముఖం పెట్టి అక్కణ్ణించి కదలదు. అడిగేది మాత్రం ఒక్కటే: ఇది జబ్బా, దాని స్వభావమా?

లైటు ఎప్పుడు ఆపావని మావాణ్ణి అడిగాను. గంటయిందన్నాడు. పగలు మేత తిన్నదా అంటే తిన్నదన్నాడు. అయితే దాన్ని పడుకోనివ్వమన్నాను.

2003లో వచ్చిన సినిమా వల్ల మనం నీమో అని పిలుస్తున్న క్లౌన్ చేప, సముద్రంలో ఎనిమోన్ చేతుల నడుమ ఒదిగి నిద్రపోతుంది. ఎనిమోన్ లేని తొట్టిలో ఏదో ఒక మూలను పడకగా చేసుకుని, ఒక పక్కకు వాలి, ఉన్నచోటే ఊగుతూ రాత్రి గడుపుతుంది. దానికి కనురెప్పలు లేవు కాబట్టి కళ్ళు చూసి నిద్రను పోల్చుకోలేం. అదే చేప మధ్యాహ్నం పన్నెండింటికి, మేత ముక్కుదాకా వచ్చినా కదలకుండా అలా ఒరిగివుంటే నేనూ కంగారు పడేవాణ్ణి. ఒరగడం రెండు చోట్లా ఒకటే. వేళ వేరు.

ఈ అధ్యాయమంతా ఆ వేళ గురించే. చేప ఏం చేస్తోందో అందరూ చూస్తారు. ఎప్పుడు చేస్తోందో రాసిపెట్టుకునేవాళ్ళు తక్కువ. జబ్బు పోల్చుకోవడానికి ఆ రెండోదే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు చేప ఒంట్లోకి ఒకసారి తొంగిచూడాలి.

మొప్పల మీద మూడు బరువులు

మాగాయ పెట్టడం చూసినవాళ్ళకు ఇది సులువుగా బోధపడుతుంది. చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేస్తే మర్నాటికి ఊట దిగుతుంది. ఆ నీరు ఎవరూ పోసింది కాదు, ముక్కలోదే. ఉప్పు ఎక్కువున్న వైపుకి లాక్కుపోయింది. పాఠ్యపుస్తకాలు దీన్ని ద్రవాభిసరణ అంటాయి. మనం ఊట అనే అనుకుందాం.

సముద్రపు నీళ్ళలో కిలోకు ఇంచుమించు 35 గ్రాముల ఉప్పుంటుంది. చేప నెత్తుట్లో అందులో మూడోవంతే. అంటే సముద్రపు చేప పుట్టినప్పటినుంచీ జాడీలో మామిడి ముక్కే. దాని ఒంట్లోని నీరు రాత్రింబవళ్ళు బయటికి ఊరిపోతూనే ఉంటుంది. చుట్టూ నీళ్ళే, అయినా ఎండిపోయే ప్రమాదం. అందుకని అది సముద్రాన్నే తాగుతుంది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త హోమర్ స్మిత్ 1930లో ఈ సంగతి నిరూపించాడు. నదిలో చేపది దీనికి తిరగబడ్డ కథ. అది నానేసిన శనగలాంటిది, నీరు తనంతట తానే లోపలికి చొరబడుతుంది. కాబట్టి దానికి తాగే పనే లేదు.

నీళ్ళతోపాటు ఉప్పూ కడుపులోకి వస్తుంది. దాన్ని బయటికి తోసే పని చాలావరకు మొప్పలది. అందుకోసం మొప్పల్లో ప్రత్యేక కణాలున్నాయని 1932లో ఆన్సెల్ కీస్, విల్మర్ కనుక్కున్నారు. ఆ కీస్ ఆ తర్వాత మనుషుల గుండెజబ్బులకూ కొలెస్ట్రాల్‌కూ ఉన్న సంబంధం మీద చేసిన పనితో లోకమంతటికీ తెలిశాడు. మొదలుపెట్టింది మాత్రం చేప మొప్పతోనే.

సరే, మొప్పకున్న పనులు లెక్కపెట్టండి. ఆక్సిజన్ లోపలికి తేవాలి. ఉప్పు బయటికి తోయాలి. ఒంట్లో పుట్టే అమ్మోనియాను కూడా చాలామట్టుకు అక్కణ్ణించే వదలాలి. మన ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ కలిసి చేసే చాకిరీని ఈ పల్చటి ఎర్ర పొరలే మోస్తున్నాయి. నీళ్ళలో గాలి తగ్గినా, ఉప్పు తేడా వచ్చినా, అమ్మోనియా పెరిగినా, పురుగు పట్టినా దెబ్బ తగిలేది వీటికే. పైకి కనిపించేది కూడా ఒక్కటే: ఆయాసం. మొప్పల మూతలు టపటపా కొట్టుకోవడం.

అందుకే "చేప గబగబా ఊపిరి తీస్తోంది, ఏం మందు వెయ్యను?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. జ్వరం వచ్చిందంటే ఏ డాక్టరూ వెంటనే మందు రాయడు. ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతాడు. తొట్టి ముందు నిలబడ్డప్పుడు మనమూ అదే చెయ్యాలి. ఎప్పుడు? ఒక చేపేనా, అన్నీనా? తొట్టిలో రొయ్యో నత్తో ఉంటే వాటి సంగతేమిటి?

కోడికూత వేళ

కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల మీద బతికేవాళ్ళకు ఒక సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు గడిచాక తెల్లవారుజామున చెరువు గట్టుకు వెళితే, చేపలు నీటి మీదికి వచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. నిల్వ అడుగంటే వేళ కోడికూత వేళ.

ఇంట్లో తొట్టి కూడా చెరువే. పైగా దాని పరిస్థితి ఇంకా ఇరుకు. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 25 డిగ్రీల మంచినీళ్ళ లీటరులో పట్టేది ఎనిమిది చిల్లర. సముద్రపు నీళ్ళలోనైతే ఏడు కూడా పట్టదు. ఉప్పు పెరిగినకొద్దీ, వేడి పెరిగినకొద్దీ నీళ్ళలో గాలికి చోటు తగ్గుతుంది. మే నెల ఎండల్లో తొట్టి నీరు 31, 32 డిగ్రీలకు చేరిందంటే చేపకు ఒకేసారి రెండు కష్టాలు. వేడికి దాని ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్ళలో చూస్తే తక్కువుంది.

కాబట్టి అన్ని చేపలూ ఒకేసారి నీటి అంచున చేరి నోళ్ళు తెరుస్తుంటే, అదీ తెల్లవారుజామునో, రాత్రి కరెంటు పోయి మోటార్లు ఆగిన తర్వాతో అయితే, మందు సీసా జోలికి పోవద్దు. నీళ్ళను కదపండి. చెంబుతో ముంచి పైనుంచి పోసినా మేలే. ఎయిర్ స్టోన్ బుడగల విషయంలో ఒక అపోహ ఉంది. బుడగలోని గాలి కరిగే చేపకు ఊపిరి అందుతుందనుకుంటారు. అది కరిగేది కొద్దిగానే. ఆ బుడగలు పైకొచ్చి నీటి ఉపరితలాన్ని చెదరగొట్టడం వల్లే ఎక్కువ గాలి లోపలికి దిగుతుంది. నీటి మీద నూనె పొర కట్టినా, పైన అద్దం బిగించి మూసేసినా ఆ దారి మూసుకుపోతుంది.

మావాడి తొట్టిలో రెండుసార్లు ఇలా జరిగింది. రెండోసారి తర్వాత బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు కొన్నాడు. ఉప్పునీటి తొట్టికి పెట్టే ఖర్చులో దానికంటే చవకైన ప్రాణరక్షణ ఇంకోటి నాకు కనిపించలేదు.

తోడు పడని తొట్టి

కొత్తగా పెట్టిన తొట్టిలో, మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే ఆయాసానికి కారణం దాదాపు ఎప్పుడూ అమ్మోనియానే. పాలు పెరుగు కావాలంటే తోడు పడాలి, తోడుకోవడానికి సమయం ఇవ్వాలి. తొట్టీ అంతే. అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ళమీదా ఇసకలోనూ కాపురం పెట్టాలి. సముద్రంలోంచి వచ్చిన లైవ్ రాక్ ఇక్కడ తోడు చుక్క. ఈ కాపురానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇలాంటి బాక్టీరియాను రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపించాడు. తొట్టి కొన్న రోజే చేపల్నీ కొనుక్కెళ్ళేవాళ్ళు ఇవాళ్టికీ ఉన్నారు. పిల్లలు ఏడుస్తారని, ఖాళీ తొట్టి బాగుండదని. పాపం, ఆ చేపలు పచ్చిపాలలో పడ్డట్టే.

అమ్మోనియాకు రెండు రూపాలున్నాయి. ఒకటి చేపకు విషం, రెండోది అంతగా హాని చేయనిది. నీరు క్షారగుణం వైపు జరిగినకొద్దీ విషరూపం పెరుగుతుంది. మామూలు మంచినీళ్ళ పిహెచ్ 7 దగ్గరుంటే సముద్రపు నీళ్ళది 8.2 దగ్గర. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా అంతే చూపించినా, ఉప్పునీటి తొట్టిలో విషరూపం పదిరెట్ల పైమాటే.

దీనివల్లే ఒక విచిత్రం జరుగుతుంది. చెన్నై నుంచి రాత్రంతా బస్సులో ప్రయాణం చేసిన చేప సంచీలో బాగానే ఉంటుంది. సంచీ విప్పి, నెమ్మదిగా అలవాటు చేద్దామని తొట్టి నీళ్ళు చుక్కచుక్కగా కలుపుతూ గంటలకొద్దీ ఉంచితే గిలగిల్లాడుతుంది. బిగించిన సంచీలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీటి పిహెచ్‌ను దింపేసింది. అమ్మోనియా ఉన్నా కోరలు తీసిన పాములా పడివుంది. మూతి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోయి పిహెచ్ పెరుగుతుంది, పాముకు కోరలు మొలుస్తాయి. దూరప్రయాణం చేసిన చేప విషయంలో మన జాగ్రత్తే దానికి ముప్పు. ఉప్పదనమూ వేడీ సరిపోల్చి వీలైనంత త్వరగా సంచీ నీటిలోంచి బయటికి తియ్యడం మేలు.

ఉప్పదనం అంటే గుర్తొచ్చింది. విశాఖ తీరంలో నీళ్ళు పట్టుకొచ్చి తొట్టిలో పోసుకునేవాళ్ళున్నారు. వేసవిలో ఫర్వాలేదు. వానాకాలం చివర గంగా బ్రహ్మపుత్రలు, మహానది తెచ్చిన వరదనీరు తీరం వెంట దక్షిణానికి పాకుతుంది. అప్పుడు అదే ఒడ్డున అవే నీళ్ళు బాగా చప్పబడతాయి. రిఫ్రాక్టోమీటరుతో కొలవకుండా పోస్తే నీళ్ళు మార్చిన సాయంత్రమే చేపలు ముడుచుకుపోతాయి. ఎప్పుడు అని అడిగితే చాలు, దొంగ దొరికిపోతాడు.

ఉప్పురవ్వలు, గోధుమపిండి

చేప రాయికేసి ఒళ్ళు గీరుకుంటే దురద పుట్టిందని అర్థం. రోజుకు ఒకటి రెండుసార్లయితే మనం వీపు గోక్కున్నట్టే. మాటిమాటికీ అయితే, ఒంటిమీద ఉప్పురవ్వలు అతికించినట్టు తెల్లచుక్కలుంటే, క్రిప్టోకారియాన్ అనే ఒంటికణపు జీవిని అనుమానించాలి. దీన్ని తొట్టి పెంచేవాళ్ళు మెరైన్ ఇక్ అంటారు. తెల్లచుక్కలనగానే మన కోస్తాలో రొయ్యల రైతులకు 1990ల నడుమ చెరువుల్ని తుడిచిపెట్టిన వైట్‌స్పాట్ గుర్తుకొచ్చి గుండె ఝల్లుమంటుంది. అది వేరు. అది రొయ్యలకు వచ్చే వైరస్, ఇది చేప చర్మం కింద మేసే జీవి. పోలిక పేరులోనే.

ఈ జీవి కొద్ది రోజులు, సాధారణంగా మూడు నుంచి ఏడు, చేప ఒంట్లో తిని బలుస్తుంది. తర్వాత రాలిపోయి రాయికో ఇసకకో అంటుకుని చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. లోపల ఒకటి వందలవుతుంది. తిత్తి పగిలి పిల్లలు ఈదుతూ వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే వాటికి చావే. ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది దాని సమయపాలన. అది చేపను వదిలేది చీకట్లో. తిత్తి పగిలేది తెల్లవారకముందు. చేపలు రాళ్ళ సందుల్లో కదలకుండా నిద్రపోయే వేళ, ఇసక పక్కనే, అన్నం విస్తట్లో వడ్డించినట్టు ఉంటాయి.

ఇప్పుడు తొట్టి యజమాని పక్షాన ఆలోచించండి. సోమవారం చుక్కలు చూశాడు. ఎవరో చెబితే మేతకు వెల్లుల్లి రసం పట్టించాడు. శుక్రవారం పొద్దున చూస్తే చేప ఒళ్ళు శుభ్రంగా ఉంది. వెల్లుల్లి పనిచేసిందని పదిమందికీ చెబుతాడు, మనస్ఫూర్తిగానే. నిజానికి ఆ చుక్కలు వాటి గడువుకు అవి రాలి, అడుగున తిత్తులు కట్టుకుంటున్నాయి. రెండు మూడు వారాలకు మళ్ళీ వస్తాయి, ఈసారి వందల్లో. పనికిరాని మందులకు ఇంత పేరు రావడానికి ఈ జీవి వేళలే కారణమని నా గట్టి నమ్మకం. చుక్కలు పోవడం నయమవడం కాదు. మళ్ళీ ఎప్పుడు వచ్చాయన్నది తేదీతో సహా రాసుకున్నవాడికే అది తెలుస్తుంది.

రాగి మందు పనిచేస్తుంది. అయితే ఈదే పిల్లల మీదే, తిత్తి మీదా చర్మం కిందా పనిచేయదు. అందుకే వారాలపాటు కొలిచి మరీ వాడాలి. పైగా రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ రాగి ప్రాణాంతకం, రాళ్ళు దాన్ని పీల్చుకుంటాయి. కాబట్టి చేపల్ని వేరే వట్టి తొట్టిలోకి మార్చి అక్కడ వైద్యం చెయ్యాలి. అసలు తొట్టిని చేపలు లేకుండా 76 రోజులు వదిలెయ్యాలన్నది పెంచేవాళ్ళలో స్థిరపడ్డ లెక్క. 72 రోజులకు పగిలిన తిత్తి కూడా నమోదైంది మరి. మావాడు పదకొండు వారాలు రొయ్యా నత్తలే ఉన్న తొట్టి ముందు కూర్చుని కాఫీ తాగాడు. వాళ్ళమ్మ రోజూ అడిగేదట, చేపల్లేని ఈ కరెంటు ఖర్చేమిట్రా అని.

దీనికంటే భయపడాల్సింది వెల్వెట్. దాన్ని కలిగించే జీవి పేరు అమైలూడినియం. చుక్కలు ఉప్పురవ్వల్లా కాకుండా గోధుమపిండి జల్లినట్టుంటాయి, టార్చిలైటు ఏటవాలుగా వేస్తేనే కనిపిస్తాయి. ఒక్కో తిత్తినుంచి 256 దాకా పిల్లలు పుట్టగలవు. అది ముందు మొప్పల్నే పడుతుంది. అందువల్ల చర్మం మీద ఏమీ లేకుండానే చేప రోజంతా ఆయాసపడుతుంది, లైటు వేస్తే నీడకు పోతుంది, మోటారు ధారలో ముఖం పెట్టి నిలబడుతుంది. ధార నోట్లోంచి మొప్పల మీదుగా పోతుంటే ఊపిరి తీసే శ్రమ తగ్గుతుందని కాబోలు. గాలి తగ్గినప్పటి ఆయాసానికీ దీనికీ తేడా పట్టుకోవడానికి మళ్ళీ ఆ మూడు ప్రశ్నలే. గాలి తగ్గితే అన్నీ ఒకేసారి, తెల్లవారుజామున, పొద్దెక్కాక తేరుకుంటాయి. వెల్వెట్ అయితే పొద్దెక్కినా తేరుకోవు. ఇవాళ ఒకటి, రేపు రెండు. రొయ్య మాత్రం నిక్షేపంగా తిరుగుతుంటుంది. పిండి కనిపించేదాకా ఆగుదామనుకుంటే చాలాసార్లు చేప దక్కదు.

జబ్బు కాని వింతలు

చిలక చేపలు కొన్ని రాత్రి పడుకోబోయే ముందు నోట్లోంచి జిగురు వదిలి ఒళ్ళంతా సంచీలా కప్పుకుంటాయి. ఎందుకో చాలాకాలం ఎవరికీ తేలలేదు. 2011లో ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రా గ్రట్టర్ బృందం నిద్రపోతున్న చేపల మీంచి ఆ సంచీ మెల్లిగా తొలగించి చూసింది. సంచీ ఉన్నవాటిలో నూటికి పదింటినే రక్తం పీల్చే చిన్న సముద్రపు పురుగులు కుట్టాయి. తీసేసినవాటిలో నూటికి తొంభైకి పైగా కాటుపడ్డాయి. వాళ్ళు దాన్ని సముద్రపు దోమతెర అన్నారు. ఇళ్ళల్లో పెంచే ఆరుగీతల రాస్ చేప కూడా ఇలాంటి తెరే అల్లుకుంటుంది. పొద్దున్నే రాతి సందులో జిగురు ముద్ద చూసి చేప కుళ్ళిపోతోందని హడలిపోయినవాళ్ళు నాకు తెలుసు.

నీలి టాంగ్ రాళ్ళ నడుమ అడ్డంగా పడుకుంటుంది, భయపడినా అంతే. పసుపు టాంగ్ రాత్రి రంగు మాసి పక్కన తెల్లపట్టీ వేసుకుంటుంది. రాయల్ గ్రామా గుహ కప్పుకు పొట్ట ఆనించి తలకిందులుగా ఈదుతుంది. దానికి ఏది రాయో అదే నేల. కొన్న రోజే ఇసకలో దూరిన రాస్ చేప మూడో రోజుకో నాలుగో రోజుకో తానే వస్తుంది. వెతకడానికి ఇసక తవ్వడం దానికి చేసే అపకారం.

క్లౌన్ చేపలు రెండుంటే చిన్నది పెద్దదాని ముందు పక్కకి వంగి వణుకుతుంది, మూర్ఛ వచ్చినట్టు. అది లొంగుబాటు. ఈ చేపలన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదవుతుంది, అది పోతే దాని జత మగది ఆడగా మారుతుంది. దీన్ని 1977లో ఫ్రికే దంపతులు వివరించారు. ఆ వణుకు "నువ్వే పెద్దదానివి" అని ఒప్పుకోవడం. పెద్దది ఎదురుగా ఉన్నప్పుడే వణికితే మర్యాద. ఒంటరిగా ఉన్నప్పుడూ వణికితే నీళ్ళు పరీక్షించండి.

రొయ్య సాక్ష్యం

పోయిన ఏడాది వానాకాలంలో ఒక రాత్రి మావాడి ఫోను మళ్ళీ వచ్చింది. గొంతులో వణుకుంది. "చేపలన్నీ పిచ్చెక్కినట్టు అద్దాలకేసి కొట్టుకుంటున్నాయి మామయ్యా. ఒకటి బయటికే దూకింది."

ఎప్పుడు మొదలైందన్నాను. పది నిమిషాలైందన్నాడు. అన్నీనా? అన్నీ. రొయ్య? అటునుంచి కాసేపు మాటలేదు. "వెల్లకిలా పడివుంది."

ఏ జబ్బూ పది నిమిషాల్లో అన్ని చేపల్నీ పట్టదు. చేపల జబ్బు రొయ్యను చంపదు. గాలి తగ్గితే చేపలు నీరసిస్తాయి తప్ప ఇలా గంతులెయ్యవు. మిగిలింది విషం, అదీ నరాల మీద పనిచేసేది. గంట ముందు ఆ గదిలో ఏం చేశారని అడిగాను. దోమలెక్కువగా ఉన్నాయని స్ప్రే కొట్టి తలుపులు మూశారట. అలాంటి స్ప్రేల్లో వాడే పైరెత్రాయిడ్ మందులు మనుషుల్నీ కోళ్ళనీ పెద్దగా ఇబ్బంది పెట్టవు. చేపల నరాల్ని మాత్రం చాలా కొద్ది మోతాదులోనే చెడగొడతాయి. రొయ్యకు అవి ఇంకా ప్రమాదం, ఎందుకంటే పురుగుకూ రొయ్యకూ దగ్గర చుట్టరికం. తొట్టికి మూత ఉంది. కానీ ఎయిర్ పంపు నేలమీద ఉంది, గదిలోని గాలిని పీల్చి నేరుగా నీళ్ళలోకే ఊదుతోంది.

పంపు ఆపించాను. కిటికీలన్నీ తెరిపించాను. నీళ్ళను మాత్రం లోపలి మోటారుతోనే కదిలించమన్నాను. వాడు సిద్ధంగా కలిపి పెట్టుకున్న ఉప్పునీటితో సగం మార్చాడు, ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పోశాడు, తెల్లవారాక మళ్ళీ కొంత మార్చాడు. రొయ్య దక్కలేదు. దూకిన చేపా దక్కలేదు. క్లౌన్ జంట రెండు రోజులు అడుగున పడివుండి మూడో రోజు మేతకు వచ్చాయి.

ఇప్పుడు ఆ పంపు బాల్కనీలో ఉంది, సన్నని గొట్టం కిటికీ సందులోంచి లోపలికి వస్తుంది. మా చెల్లెలు గదిలో మంచానికి దోమతెర కట్టించింది.